ఐనోడ్ లాక్ గారికి, వరసలో నిలబడి రాస్తున్న లేఖ

లినక్స్‌లో ఒక్కో ఫైలుకీ కాపలా కాసే తాళం, ఐనోడ్ లాక్ గారికి నమస్కారాలు.

మీరు క్షేమమని తెలుసు. మా సర్వర్ పరిస్థితి చూస్తేనే అర్థమవుతోంది.

మా ఆఫీసు ప్రోగ్రాములో 32 థ్రెడ్లు, అంటే ఒకేసారి పనిచేసే పనివాళ్ళు, కలిసి ఒకే లాగ్ ఫైల్లో రాస్తాయి. నెమ్మదిగా ఉందని పాత డిస్క్ తీసేసి ఎన్‌వీఎంఈ అనే వేగమైన డిస్క్ పెట్టించాం. బిల్లు పాసవ్వడానికే నెల పట్టింది. తీరా చూస్తే వేగం ఎక్కడిదక్కడే. దేవుడు వరమిచ్చినా పూజారి ఇవ్వడంటారు. ఆ పూజారి లినక్స్ గుండెకాయైన కెర్నల్లో కూర్చుంటాడని, సమయం ఎక్కడ పోతోందో చూపే పెర్ఫ్ పెట్టి చూసేదాకా తెలియలేదు.

ఫైలుకో ఐనోడ్ (ఫైలు వివరాలుండే చీటీ), ఐనోడ్‌కో తాళం, రాసేవాడు ఒక్కడే లోపలికి. న్యాయమే. ఇద్దరూ ఒకేచోట రాస్తే అంతా కలగాపులగం. కానీ 100 జీబీ ఫైల్లో ఒకడు మొదట్లో, ఇంకొకడు చివర్లో రాసుకుంటామన్నా ఒకరి తర్వాత ఒకరే అంటారేమిటండీ? పెళ్ళి విడిదిలో బాత్రూమ్ ఒకటే ఉంటే సర్దుకుంటాం. మీ విడిదిలో గదులు లక్షల్లో ఉన్నాయి, తాళంచెవి ఒకటే.

పోనీ, వెళ్ళినవాడు త్వరగా వస్తాడా? డిస్కుకు చేరని పేజీలు (డేటా ముక్కలు) మెమరీలో పేరుకుపోతే, రాసేవాణ్ణి కాసేపు పడుకోమంటుంది కెర్నల్. ఈఎక్స్‌టీ4 అనే ఫైల్ సిస్టమ్‌లో ఆ మహానుభావుడు తాళంచెవి జేబులో పెట్టుకునే పడుకుంటాడు! వాడు మెలకువగా ఉంటే ఇంకో తంటా. బయటివాళ్ళు గుమ్మం ముందు గిరగిరా తిరుగుతూ "అయిపోయిందా, అయిపోయిందా" అంటుంటారు. ఆ తిరుగుడికి ఖర్చయ్యే సీపీయూ మా ఖాతాలోకే. ఎక్స్‌ఎఫ్‌ఎస్ అనే ఇంకో ఫైల్ సిస్టమ్‌లోనైతే ఒకడు రాస్తుంటే అదే ఫైలు చదువుకోవడానికి వచ్చినవాడు కూడా ఆగాలి.

అక్కడ ఓ_డైరెక్ట్ (మెమరీలో ఆగకుండా నేరుగా డిస్కుకే రాయడం) అనే సిఫారసు తెచ్చుకున్నవాళ్ళని ఒకేసారి వదుల్తారని విన్నాం. అయితే రాసేది బ్లాకు కొలతకి సరిగ్గా సరిపోవాలట. మా లాగ్‌లో ఒక లైను 83 బైట్లుంటే తర్వాతిది 211. మావాళ్ళ చేతిరాతకి కొలతలు ఎక్కడివి?

మీ వంశం సంగతీ తెలుసు. తాతగారు బిగ్ కెర్నల్ లాక్ 1996లో వచ్చి కెర్నల్ మొత్తానికి ఒక్కరే కాపలా కాశారు. ఆయన్ని పూర్తిగా సాగనంపేసరికి 2011 వచ్చింది. మీరు మాత్రం పేర్లు మార్చుకుంటూ నెట్టుకొస్తున్నారు. మొదట ఐ_సెమ్, 2006లో ఐ_మ్యూటెక్స్, 2016లో ఐ_ఆర్‌డబ్ల్యూసెమ్. ఆ చివరి మార్పుతో డైరెక్టరీలో పేర్లు వెతికేవాళ్ళకు నిజంగానే మేలు జరిగింది, ఒకేసారి వెతుక్కోగలుగుతున్నారు. రాసేవాళ్ళకు మాత్రం బోర్డే మారింది.

చివరికి మా టీమ్‌లో కుర్రాడొకడు "ఒకే ఫైలు ఎందుకన్నా, రిక్వెస్టుకో ఫైలు పెట్టేద్దాం" అన్నాడు. పెట్టేశాం. ఎవడి ఫైలు వాడిది, ఎవడి తాళం వాడిది. సమోసాలు తెప్పించుకున్నాం.

ఆ ఫైళ్ళన్నీ ఒకే డైరెక్టరీలో, అంటే ఒకే ఫోల్డర్లో ఉన్నాయి. కొత్త ఫైలు పుట్టాలన్నా పాతది పోవాలన్నా డైరెక్టరీని అడగాలట. డైరెక్టరీకీ ఒక ఐనోడ్ ఉంటుందట.

మళ్ళీ పెర్ఫ్ పెట్టాను.

నమస్కారమండీ. మళ్ళీ మీరే.

ఇట్లు,
వరసలో ఉన్నవాడు