మదర్‌బోర్డుకు న్యాయం జరగాలి

లోకంలో ఏదైనా పోయిందంటే ముందు చిన్నవాళ్ల జేబులే వెతుకుతారు. విచారణ పెద్దవాళ్ల దాకా వచ్చేసరికి ఫైలు మూతపడుతుంది. ఈ అన్యాయం జరగని చోటు నాకు తెలిసి ఒక్కటే: సొంతంగా బిగించుకున్నాక ఆన్ కాని కంప్యూటర్. అక్కడ అనుమానం ధర ప్రకారం నడుస్తుంది. అన్నిటికంటే ఖరీదైన భాగమే మొదటి ముద్దాయి.

నేను బిగించినదాని కథా అంతే. పవర్ బటన్ నొక్కాను. ఉలుకూ లేదు, పలుకూ లేదు. మళ్లీ నొక్కాను, ఈసారి కాస్త మర్యాదగా. ఊహూఁ. 'ప్రాసెసర్ పోయింది' అని తీర్పు చెప్పేశాను. సాక్ష్యం? దాని బిల్లు.

కూలర్ ఊడదీసి, ప్రాసెసర్ వేడిని దానికి అందించే థర్మల్ పేస్ట్ తుడిచి, మళ్లీ పూశాను. ర్యామ్ తీసి, క్లిక్‌మనే దాకా మళ్లీ నొక్కాను. నిజానికి ర్యామ్ లేకపోయినా మామూలుగా ఫ్యాన్లు తిరుగుతాయి, తెర మీద ఏమీ రాదంతే. ఫ్యానే కదలనప్పుడు ర్యామ్‌ను నిలదీయడమంటే, గడప దాటని మనిషిని పొరుగూరి గొడవ గురించి అడగడమే. అయినా అడిగాను.

తర్వాత, భాగాలన్నీ వచ్చి తగులుకునే మదర్‌బోర్డు వంతు. దాని మూలన చిన్న లైటు వెలుగుతూనే ఉంది. అంటే కరెంటు బోర్డు దాకా వచ్చింది, అన్నిటికీ కరెంటు పంచే డబ్బా ఎస్‌ఎంపీఎస్ వెనక స్విచ్ కూడా ఆన్‌లోనే ఉంది. (ఆ స్విచ్‌ను మొదటి నిమిషంలోనే చూశానని అందరికీ చెబుతుంటాను. చూసింది రెండో రోజు.) పాపం, ఆ లైటు అంత స్పష్టంగా సాక్ష్యం చెబుతున్నా వినకుండా బోర్డు మొత్తం బయటికి తీసి అట్టపెట్టె మీద పడుకోబెట్టాను. కింద బోర్డును ఎత్తి పట్టే బుల్లి లోహపు కాలు, స్టాండాఫ్, ఒకటి ఉండకూడని చోట ఉంటే షార్ట్ కావచ్చు. లేదు. బటన్ నొక్కినట్టే అవుతుందని స్క్రూడ్రైవర్ కొనతో పవర్ పిన్నులు రెండూ కలిపాను. చలనం లేదు.

ఇక ఎస్‌ఎంపీఎస్. 24 పిన్నుల కనెక్టర్‌ను బోర్డు నుంచి పూర్తిగా పీకి, బోర్డు లేకుండానే దాన్ని ఆన్ చేసే కిటుకుగా జెమ్ క్లిప్‌తో 16వ పిన్నునూ 17వ పిన్నునూ కలిపితే దాని ఫ్యాన్ హాయిగా తిరిగింది. నిర్దోషి. నాకు కొంచెం నిరాశ కలిగిన మాట వాస్తవం.

ఇక్కడ కాస్త చరిత్ర చెప్పుకోవాలి. 1995లో ఇంటెల్ కంపెనీ మదర్‌బోర్డుకూ ఎస్‌ఎంపీఎస్‌కూ ఏటీఎక్స్ అనే కొత్త పద్ధతి తెచ్చింది. అంతకుముందు స్విచ్ వేస్తే కరెంటు నేరుగా పారేది. ఆ తర్వాత బటన్ ఉద్యోగం మారిపోయింది. ఇప్పుడది మదర్‌బోర్డుకు అర్జీ పెట్టుకుంటుంది, బోర్డు ఆ అర్జీని ఎస్‌ఎంపీఎస్‌కు పంపుతుంది. ఆ అర్జీ మోసుకెళ్లేవి రెండు సన్నటి తీగలు. వాటిని ఎవరు అనుమానిస్తారు? బిల్లులో వాటి పేరే లేదు.

మూడో రోజుకి అన్నీ మళ్లీ క్యాబినెట్‌లో బిగించి దిగాలుగా కూర్చున్నాను. మా అమ్మాయి వచ్చి పవర్ బటన్ పక్కనున్న బుల్లి బటన్ చూపించింది. "నాన్నా, ఇది నొక్కావా?"

"అది రీసెట్ అమ్మా. ఆన్ అయినదాన్ని మళ్లీ మొదలుపెట్టడానికి. అసలు ఆన్ కానిదానికి..."

నా వివరణ పూర్తికాకుండానే నొక్కేసింది. ఫ్యాన్లన్నీ గిర్రున తిరిగాయి.

పవర్ తీగ, రీసెట్ తీగ చూడ్డానికి కవల పిల్లలు. రెండింటికీ రెండేసి రంధ్రాలు, మీద చీమ తలకాయంత అక్షరాలు. బోర్డు మీద వాటి పిన్నులు పైవరుసలో ఒకటి, కిందివరుసలో ఒకటి. మాన్యువల్‌లోని బొమ్మను నేను ఒక వరుస తేడాగా చదివాను. స్క్రూడ్రైవర్‌తో కలిపినవీ రీసెట్ పిన్నులే. మూడుసార్లు ఊడదీసి, మూడుసార్లూ అంతే శ్రద్ధగా తప్పు పెట్టాను.

తీగలు మార్చడానికి ఒక్క నిమిషం చాలు. కానీ మారిస్తే తప్పు ఎవరిదో తేలిపోతుంది. సాయంత్రం మా ఆవిడ అడిగింది, "ఇంతకీ ఏమైందండీ?"

"మదర్‌బోర్డులో చిన్న లోపం. రీసెట్ నొక్కితేనే ఆన్ అవుతుంది. సర్దుకుపోవాలి."