ఐదు వేల లీటర్లంటే ఎంత?

మా అపార్టుమెంటు సంఘానికి నేను కోశాధికారిని. జీతం లేదు, గౌరవం అంతకన్నా లేదు. పదవీ చిహ్నంగా ఒక వెదురు కర్ర మాత్రం ఉంది. సంపు మూత తీసి, కర్ర దించి, తడి ఎంతవరకు అంటిందో చూసి రిజిస్టరులో రాయాలి. ఈ ఎండాకాలం ఆ కర్ర సాక్షిగా నాకు తెలిసొచ్చిన సంగతేమిటంటే, లీటరు లోకమంతా ఒక్కటే కావచ్చు గానీ హైదరాబాదులో అది పోసేవాణ్ణి బట్టి ఉంటుంది.

మా సంపు పొడవు 10 అడుగులు, వెడల్పు 8. ఘనపుటడుగుకు 28.3 లీటర్లు కాబట్టి నీళ్ళు అంగుళం పెరిగితే సుమారు 189 లీటర్లు వచ్చినట్టు. ఐదు వేల లీటర్ల ట్యాంకరు ఖాళీ అయితే కర్ర మీద ఇరవై ఆరున్నర అంగుళాలు తడవాలి. ఇరవై రెండే తడిసింది. దాదాపు 850 లీటర్లకు, అంటే 850 కిలోల సరుకుకు, లెక్క లేదు. అంత బియ్యం మాయమైతే పోలీసులు వస్తారు.

డ్రైవర్ తడుముకోలేదు. "కొన్ని పైపుల ఉంటయ్ సార్, కొన్ని తొవ్వల ఒలుకుతయ్. మీ సంపు గూడ జర తాగుతది" అన్నాడు. సంపు తాగుతుందన్న సంగతి మా బిల్డరు కరపత్రంలో లేదు.

ఇతనికి చరిత్ర తెలియదని నాకు జాలి. 1901లో తూనికలు కొలతల అంతర్జాతీయ సభలో పెద్దలు కూర్చుని, కిలో నీళ్ళు పట్టే జాగాయే లీటరని తీర్మానించారు. తర్వాత చూస్తే అది ఘన డెసీమీటరు కంటే, అంటే అన్ని వైపులా పది సెంటీమీటర్లుండే డబ్బా కంటే, వెంట్రుకవాసి ఎక్కువైంది. వెయ్యి లీటర్లకు 28 మిల్లీలీటర్లు, అంటే మా ట్యాంకరు మొత్తం మీద 140 మిల్లీలీటర్లు. ఒక కప్పు చాయ్! ఆ కప్పు తేడా కోసం 1964లో లీటరు నిర్వచనాన్నే మార్చేశారు. వాళ్ళ దగ్గర మా డ్రైవర్ లాంటివాడు ఒక్కడుండి ఉంటే "జర తాగుతది" అని అక్కడికక్కడే తేల్చేసేవాడు.

ఇక ఇరవై లీటర్ల తాగునీటి క్యాన్. దీనికి కర్ర పనికిరాదు కనుక బరువు చూసే మిషన్ వాడాను. ఒట్టిగా ఎక్కితే 72.4, క్యాన్ ఎత్తుకుని ఎక్కితే 91.6. ఖాళీ క్యాన్ బరువు 700 గ్రాములు తీసేస్తే నీళ్ళు పద్దెనిమిదిన్నర కిలోలు. నేను అన్యాయస్థుణ్ణి కాను. నీళ్ళు 4 డిగ్రీల దగ్గరే అన్నిటికన్నా చిక్కగా ఉంటాయనీ, లీటరు కిలో తూగేది అప్పుడేననీ, ఆ చల్లదనం ఇక్కడ ఫ్రిజ్‌లో తప్ప దొరకదనీ నాకు తెలుసు. 30 డిగ్రీల్లో లీటరుకు నాలుగు గ్రాముల పైచిలుకు చొప్పున, క్యాన్‌కు 85 గ్రాములు మాఫీ చేశాను. మిగతా దాదాపు కిలోన్నర మాటేమిటని క్యాన్ అబ్బాయిని అడిగితే, "నిండ పోస్తే మూత కాడ కారుతది, మళ్ళ మీరే తిడ్తరు" అన్నాడు. మా ఆవిడ మిషన్ వంకే చూస్తూ, "నీళ్ళ సంగతి తర్వాత, ముందు ఆ డెబ్బై రెండు సంగతి చూడండి" అంది. పరిశోధకులకు ఇంట్లో ఆదరణ ఉండదు.

ఆవిడకు కొలతలంటే నమ్మకం లేదు. అన్నానికి నీళ్ళు వేలి కణుపుతో చూస్తుంది. నా వేలు పెడితే మెత్తబడుతుంది, తన వేలు పెడితే పొడిపొడిగా వస్తుంది. మా అమ్మమ్మ ఇంట్లో నాలుగు గిద్దెలు సోల, రెండు సోలలు తవ్వ, రెండు తవ్వలు మానిక అని లెక్క కచ్చితంగా ఉండేది గానీ, అది పాలకూ గింజలకూ. నీళ్ళను సోలతో కొలిచి పోస్తే పిసినారి అనేవారు. ఇరానీ హోటల్లోనైతే వన్ బై టూ చెబితే ఒక చాయ్ రెండు కప్పుల్లో వస్తుంది, రెండూ నిండుగానే కనిపిస్తాయి. కప్పు తగ్గితే చాయ్ పెరుగుతుందన్న ఈ సూత్రం ట్యాంకర్ల వాళ్ళకు ఎవరు చేరవేశారో!

పరిశోధనలో చివరి అంకం బిందె. మోటారు కాలిపోయిన మూడు రోజులూ వాచ్‌మన్ భార్య సంపులో తోడి నాలుగో అంతస్తు దాకా మోసింది. లిఫ్టు అంతకు ముందే పడుకుంది. బిందెకు ఐదు రూపాయలు ఇవ్వాలని సంఘం నిర్ణయించింది కనుక, బిందె అంటే ఎంతో తేల్చాల్సిన బాధ్యత నాది. మెట్ల దగ్గర మిషన్ మీద పెట్టించాను. 17 కిలోలు. స్టీలుది కిలోన్నర పోను నీళ్ళు పదిహేనున్నర.

"కింద చూస్తే ఏం తెలుస్తది సార్?" అందామె, బిందె మళ్ళీ చంకనెత్తుకుంటూ. "నాలుగో అంతస్తుల పెట్టున్రి ఆ మిషిన్."

పైకి పోయేకొద్దీ భూమ్యాకర్షణ తగ్గుతుందని వివరించాను. 12 మీటర్ల ఎత్తులో 17 కిలోలకు తగ్గేది గ్రాములో పదో వంతు కూడా ఉండదు గానీ, ఎంతైనా తగ్గాలి తప్ప పెరగకూడదు. ఆమె అప్పటికే రెండో అంతస్తు మలుపు దగ్గర బిందె దించి, గోడకు ఆనుకుని నిలబడింది. రిజిస్టరులో "పరిశీలకురాలి దోషం" అని రాశాను.

ఆదివారం సమావేశంలో నా నివేదికకు చప్పట్లు కొట్టారు. అంగుళాల గుర్తులున్న అల్యూమినియం కర్ర కొనడానికి నిధులు మంజూరయ్యాయి. లిఫ్టు విషయం వచ్చే నెలకు వాయిదా పడింది.