కొత్త డిస్ట్రిబ్యూటర్ కొనే ముందు పాతదాన్ని ఒకసారి విప్పి చూడండి

అంబాసిడర్ కాస్త మిస్సింగ్ కొడితే చాలు, "డిస్ట్రిబ్యూటర్ పీకేసి కొత్తది పెట్టేయండి సార్, పని అయిపోతుంది" అనే సలహా రెడీగా ఉంటుంది. మెకానిక్ అదే అంటాడు, స్పేర్ల షాపాయనా అదే అంటాడు, పాత కారు కొన్న ఆరు నెలలకే అన్నీ తెలిసిపోయినవాళ్లు ఇంకా గట్టిగా అంటారు. ఏ కొత్తది? ఎవరు చేసింది? లోపల స్ప్రింగులు ఏ ఇంజిన్‌ను లెక్కలో పెట్టుకుని బిగించారు? ఈ మూడో ప్రశ్నకు ఇంతవరకు నాకు ఒక్క షాపులోనూ జవాబు దొరకలేదు. జవాబు లేని వస్తువుకు డబ్బులెందుకు ఇవ్వాలన్నదే నా గొడవ.

డిస్ట్రిబ్యూటర్‌కు రెండు పనులు. కరెంటు ఏ ప్లగ్గుకు వెళ్లాలో తేల్చడం ఒకటి, ఎప్పుడు వెళ్లాలో తేల్చడం రెండోది. మొదటి పని ఎంత నాసిరకం డూప్లికేట్ అయినా చేసేస్తుంది. 1-3-4-2 వరసలో వైర్లు పెడితే బండి స్టార్ట్ అవుతుంది, ఐడ్లింగ్‌లో బుద్ధిగా నిలబడుతుంది. "చూశారా సార్!" అని డబ్బులు తీసుకోవడానికి షాపువాడికి అది చాలు. తేడా తెలిసేది రెండో పనిలో, అదీ హైవే ఎక్కాక.

ఇంజిన్ 3000 ఆర్పీఎం తిరుగుతుంటే డిస్ట్రిబ్యూటర్ షాఫ్ట్ అందులో సగం, 1500 తిరుగుతుంది. ఒక్కో చుట్టుకు నాలుగు స్పార్కులు, అంటే సెకనుకు వంద. ఆ వందలో ప్రతిదీ సరైన క్షణంలో పడాలి. పైగా ఆ క్షణం ఎప్పుడూ ఒకచోట ఉండదు. స్పీడు పెరిగేకొద్దీ పెట్రోలు మండడానికి దొరికే సమయం తగ్గుతుంది కాబట్టి స్పార్కు ఇంకాస్త ముందే పడాలి. ఇలా ముందుకు జరగడాన్నే అడ్వాన్స్ అంటారు. దానికోసమే లోపల రెండు వెయిట్లు, వాటిని పట్టి ఉంచే రెండు స్ప్రింగులు ఉంటాయి. వేగానికి వెయిట్లు బయటికి విచ్చుకుంటాయి, స్పార్కు క్షణాన్ని తేల్చే క్యామ్ ముందుకు జరుగుతుంది. చాలావాటిలో స్ప్రింగుల్లో ఒకటి సన్నం, ఒకటి లావు. సన్నది మొదటి నుంచీ పట్టుకుంటుంది, లావుది కొంత దూరం వదులుగా ఉండి తర్వాత పట్టుకుంటుంది. అందుకే అడ్వాన్స్ మొదట గబగబా పెరిగి, తర్వాత నెమ్మదిస్తుంది. ఇదే అడ్వాన్స్ కర్వ్. డిస్ట్రిబ్యూటర్‌లో మనం నిజంగా కొంటున్నది దీన్నే. క్యాప్, బాడీ, తళతళలాడే అల్యూమినియం అంతా దాని చుట్టూ ఉన్న డబ్బా.

ఒక్కో ఇంజిన్‌కు ఒక్కో కర్వ్. మన అంబాసిడర్‌లోని 1489 సీసీ బీఎంసీ (బ్రిటిష్ మోటార్ కార్పొరేషన్) "బీ సిరీస్" ఇంజిన్ ఇంగ్లండ్‌లో మోరిస్, ఆస్టిన్, ఎంజీ కార్లకూ వేసిన ఇంజినే. కానీ మన పెట్రోలు అప్పట్లో తక్కువ ఆక్టేన్‌ది కాబట్టి మనవాళ్లు తక్కువ కంప్రెషన్‌తో చేశారు. తక్కువ కంప్రెషన్‌లో మిశ్రమం నెమ్మదిగా మండుతుంది, దానికి అడ్వాన్స్ ఎక్కువ కావాలి. ఇంగ్లండ్ నుంచి తెప్పించిన "బీ సిరీస్‌కు సరిపోతుంది" డిస్ట్రిబ్యూటర్ మన ఇంజిన్‌లో చక్కగా కూర్చుంటుంది. కూర్చోవడం వేరు, సరిపోవడం వేరు. ఆ కొత్త నకళ్లలో చాలావాటికి అన్ని కార్లకూ కలిపి ఒకటే కర్వ్. అది ఏ కారుకూ పూర్తిగా సరిపోదు. అడ్వాన్స్ తక్కువైతే ఇంజిన్ వేడెక్కుతుంది, మైలేజీ పడిపోతుంది, పికప్ చచ్చిపోతుంది. ఎక్కువైతే శ్రీశైలం ఘాట్‌లో లోడు మీద నాకింగ్, అంటే ఇంజిన్‌లో టకటక చప్పుడు, వినిపిస్తుంది. రెండింటికీ తిట్లు తినేది మాత్రం పాపం కార్బొరేటర్!

"నేను చెవితో టైమింగ్ పెడతాను" అనే పెద్ద మెకానిక్‌లంటే నాకు గౌరవమే. వాళ్ల చెవి అబద్ధం చెప్పదు. కానీ ఆ చెవి వినేది ఐడ్లింగ్‌ను. 3000 దగ్గర ఏం జరుగుతోందో షెడ్డులో నిలబడి వినడం ఎవరి వల్లా కాదు. దానికి టైమింగ్ లైట్, అంటే స్పార్కు పడ్డప్పుడల్లా వెలిగి ఇంజిన్ పుల్లీ మీది మార్కును చూపించే లైటు, కావాలి. వాక్యూమ్ పైపు (ఇంజిన్ పీల్పును బట్టి అడ్వాన్స్ మార్చే వాక్యూమ్ యూనిట్‌కు వెళ్లేది) తీసేసి చివర మూసి, 800 నుంచి 3500 ఆర్పీఎం వరకు నాలుగైదు చోట్ల ఎన్ని డిగ్రీల అడ్వాన్స్ వస్తోందో కాగితం మీద రాసుకుంటే కర్వ్ మొత్తం బయటపడుతుంది. అరగంట పని. కొత్తది కొనమని చెప్పే ముందు ఈ అరగంట పెట్టే మెకానిక్ దొరికితే వదులుకోకండి.

అసలు పాతదానికి వచ్చిన రోగమేమిటి? మన పెట్రోల్ అంబాసిడర్లలో ఎక్కువగా కనిపించేది లూకాస్ 25డీ4 రకం. చెన్నై పాడిలో 1961లో మొదలైన లూకాస్ టీవీఎస్ పేరుతో వచ్చినవి ఇంకా చాలా కార్లలో తిరుగుతున్నాయి. మొండి వస్తువు. అందులో అరిగేవి కొన్నే. క్యాప్ తీసి షాఫ్ట్‌ను పక్కలకు ఊపి చూడండి. టకటకా ఆడితే షాఫ్ట్‌ను పట్టి ఉంచే బుష్ పోయినట్టే. బుష్ పోతే షాఫ్ట్ తిరుగుతూ ఊగుతుంది, పాయింట్ల (క్యామ్ తగిలినప్పుడల్లా తెరుచుకుని స్పార్కు పుట్టించే కాంటాక్టుల) గ్యాప్ ఒక్కో సిలిండర్‌కు ఒక్కోలా మారుతుంది, గ్యాప్‌తో పాటే టైమింగూ మారుతుంది. 0.015 అంగుళం గ్యాప్ మీరు ఎంత శ్రద్ధగా పెట్టినా అది క్యామ్ మీది ఆ ఒక్క లోబ్‌కే (ఉబ్బెత్తుకే). టైమింగ్ లైట్‌లో మార్కు ఒకచోట నిలవకుండా అటూ ఇటూ గెంతుతుంటే కారణం ఎక్కువసార్లు ఇదే.

తర్వాత షాఫ్ట్ పైన తిరుగుతూ ప్లగ్గులకు కరెంటు పంచే రోటర్‌ను చేత్తో తిరిగే దిక్కుకు కొంచెం తిప్పి వదలండి. టక్కున వెనక్కి రావాలి. బద్ధకంగా వచ్చినా, మధ్యలో ఆగినా లోపల వెయిట్లు తుప్పుతోనో ఎండిన గ్రీజుతోనో పట్టేశాయన్నమాట. వాక్యూమ్ పైపును నోటితో పీల్చి నాలుక అడ్డం పెట్టండి. పట్టు నిలవకపోతే వాక్యూమ్ యూనిట్‌లోని రబ్బరు డయాఫ్రమ్ చిరిగింది. పాయింట్లు కూర్చునే బేస్ ప్లేటు నుంచి బాడీకి వెళ్లే చిన్న ఎర్త్ వైరు లోపల తెగి, పైకి బాగున్నట్టే కనిపిస్తుంది. గుంతలో పడ్డప్పుడల్లా మిస్సింగ్ కొట్టే బండ్లలో నేను ముందు చూసేది దాన్నే.

వీటిలో ఏదీ మొత్తం డిస్ట్రిబ్యూటర్ మార్చేంత పెద్ద రోగం కాదు. విజయవాడ ఆటోనగర్‌లో బుష్ వేసే లేత్ పనివాళ్లు ఇప్పటికీ దొరుకుతారు. కాకపోతే ఒక జాగ్రత్త. మామూలు ఇత్తడి కడ్డీని తొలిచి వేసేస్తామంటారు, ఒప్పుకోవద్దు. ఆయిల్‌ను తనలో పట్టి ఉంచుకునే సింటర్డ్ కంచు బుష్ కావాలి. బిగించే ముందు దాన్ని రాత్రంతా ఆయిల్‌లో నానబెట్టాలి. ఆ తర్వాత అప్పుడప్పుడు రోటర్ తీసి, కింద కనిపించే స్క్రూ మీద రెండు చుక్కల ఇంజిన్ ఆయిల్ వేస్తుంటే క్యామ్ షాఫ్ట్ మీద పట్టేయకుండా ఉంటుంది. ఆ రెండు చుక్కలు ఎవరూ వెయ్యరు. తర్వాత డిస్ట్రిబ్యూటర్ చెత్తదంటారు.

పాత మాల్‌లో వెతుక్కోవాలనుకునేవాళ్లకు సికింద్రాబాద్ రాణీగంజ్, చెన్నై పుదుప్పేట, కోల్‌కతా మల్లిక్ బజార్ ఉన్నాయి. అయితే స్క్రాప్‌లో కనిపించే ప్రతి అంబాసిడర్‌నూ చూసి ఆశపడకండి. వాటిలో చాలా డీజిల్‌వే, డీజిల్‌కు అసలు డిస్ట్రిబ్యూటరే ఉండదు. తర్వాత వచ్చిన 1800 ఇసుజు ఇంజిన్‌ది మనకు పనికిరాదు. పెట్టె విప్పని పాత స్టాకు దొరికితే అదృష్టమే, కానీ అలాగే తీసుకెళ్లి బిగించకండి. ఏళ్ల తరబడి గోడౌన్‌లో పడి ఉంటే గ్రీజు ఎండిపోతుంది, డయాఫ్రమ్ రబ్బరు గట్టిపడుతుంది. పెట్టె కొత్తదై లోపల మాల్ డూప్లికేట్ అయిన కేసులూ ఉన్నాయి. బాడీ మీద కొట్టిన నంబరు చూడండి. వాక్యూమ్ యూనిట్ మీద మూడు అంకెలుంటాయి. అది ఎన్ని అంగుళాల వాక్యూమ్ దగ్గర కదలడం మొదలుపెడుతుంది, ఎక్కడ ఆగుతుంది, ఎన్ని డిగ్రీలు తిప్పుతుంది అని వాటి అర్థం. బేస్ ప్లేటు ఎత్తితే క్యామ్ అడుగున వెయిట్లు ఇచ్చే గరిష్ఠ అడ్వాన్స్ అంకె కూడా ఉంటుంది. అది డిస్ట్రిబ్యూటర్ డిగ్రీలు. క్రాంక్ దగ్గర రెట్టింపు చేసుకోవాలి.

ఇక ఎలక్ట్రానిక్. ఈ మాట వినగానే కొందరికి ఎక్కడలేని ధైర్యం వస్తుంది. పాయింట్లు తీసి ఆ చోట ఒక మాడ్యూల్ పెట్టే కిట్లు ఉన్నాయి. మంచివి నిజంగానే మంచివి. గ్యాప్ గొడవ ఉండదు, చలికాలం పొద్దున స్టార్టింగ్ బాగుంటుంది. కానీ పోయినవి పాయింట్లే, స్ప్రింగులూ వెయిట్లూ బుష్షూ పాతవే. పట్టేసిన వెయిట్లను ఏ మాడ్యూలూ కదిలించలేదు. కాయిల్ రెసిస్టెన్స్ చూడకుండా తక్కువ ఓమ్‌లది తగిలిస్తే మాడ్యూల్ కాలిపోతుంది. ఇంజిన్ ఆపి కీ ఆన్‌లో వదిలేసి పాటలు వింటే కొన్ని కిట్లు అక్కడే చస్తాయి. కొన్నింటికి ప్లగ్గులకు వెళ్లే మామూలు రాగి హెచ్‌టీ వైర్లు పడవు, రెసిస్టెన్స్ ఉన్నవే వెయ్యాలి. ఎర్త్ పాజిటివ్‌గా ఉన్న (బ్యాటరీ ప్లస్‌ను బాడీకి కలిపిన) మరీ పాత బండ్లకైతే కిట్ కూడా దానికి తగ్గదే చూసి కొనాలి.

పాతదాని బాడీ పగిలిపోయిందో, దొరకనే దొరకదో అనుకోండి. అప్పుడు నా ఓటు కర్వ్‌ను మనమే ఎంచుకోగలిగే పూర్తి ఎలక్ట్రానిక్ డిస్ట్రిబ్యూటర్‌కే. నెదర్లాండ్స్‌లో తయారయ్యే 123 ఇగ్నిషన్ అలాంటిది. డ్యూటీ, కొరియర్ కలుపుకుంటే పాతదాన్ని బాగుచేయించే ఖర్చుకు ఎన్నో రెట్లు అవుతుంది, అది నిజం. కానీ అక్కడ కర్వ్ ఏమిటో కాగితం మీద ఉంటుంది. చవక నకలులో ఆ కాగితమే ఉండదు.

చివరగా చిన్న సామాను సంగతి. ఇప్పుడొస్తున్న రోటర్లలో ఇత్తడి ముక్కను రివెట్‌తో బిగించిన కొన్ని నల్లవాటిలో, కరెంటు ఆ రివెట్ గుండా నేరుగా షాఫ్ట్‌లోకి దిగిపోతుంది. బండి ఉన్నట్టుండి ఆగిపోతుంది, కాయిల్ మార్చినా ప్లగ్గులు మార్చినా లాభం ఉండదు. రివెట్ లేని రకం తీసుకోండి. పాయింట్ల దగ్గర మెరుపు రాకుండా ఆపే కండెన్సర్లు కొత్తవాటిలో చాలావాటికి వేడి పడదు. చల్లగా ఉన్నప్పుడు బాగుంటాయి, ఇంజిన్ వేడెక్కాక మొరాయిస్తాయి. బాగా పనిచేస్తున్న పాత కండెన్సర్ మీ కారులో ఉంటే పాయింట్లతో పాటు దాన్నీ మార్చేయాలని రూలేమీ లేదు.

ఎలక్ట్రానిక్ పెట్టించుకున్నవాళ్లు, తీసిన పాత బేస్ ప్లేటును పాయింట్లు సెట్ చేసి కండెన్సర్‌తో సహా డిక్కీలో ఉంచుకోండి, పక్కనే ఒక స్క్రూడ్రైవర్, ఫీలర్ గేజ్. సూర్యాపేట దాటాక రాత్రి పదకొండింటికి మాడ్యూల్ పోతే దాన్ని రిపేరు చేసేవాడెవడూ ఉండడు. పాయింట్లయితే మీరే పెట్టుకుని ఇంటికొచ్చేయొచ్చు.