పజింకా దాకా వెళ్లి తీరాలా?

(ఆస్ట్రేలియా ఈశాన్యాన ఉన్న కేప్ యార్క్ ద్వీపకల్పం. ఆగస్టు నెల. కెయిన్స్‌లో బయలుదేరిన రెండు తెలుగు కుటుంబాలు కోయెన్ ఊళ్లో గుడారాలు వేసుకున్నాయి. ఖండానికి ఉత్తరపు కొస పజింకా. అది ఇంకా నాలుగు వందల కిలోమీటర్ల పైమాటే. పిల్లలు నిద్రపోయాక పొయ్యి దగ్గర అక్క, తమ్ముడు.)

తమ్ముడు: రేపు తెల్లవారుజామునే కదిలితే చీకటి పడేలోపు జార్డిన్ నది చేరతాం. ఎల్లుండి పంటు మీద నది దాటి పజింకాలో నిలబడతాం.

అక్క: రేపటి నుంచి మూడు రాత్రులకు తూర్పు తీరాన చిల్లీ బీచ్‌లో గుడారాలకు చోటు తీసుకున్నాను. ఇక్కడ ఫోను పనిచేస్తోందని మధ్యాహ్నమే డబ్బు కట్టాను.

తమ్ముడు: నాతో ఒక్క మాట చెప్పకుండానా?

అక్క: చెప్పకపోవడం తప్పే. చెబితే నువ్వు కట్టనివ్వవని తెలుసు. ఈ అయిదు రోజుల్లో పిల్లలు ఏం చూశారో చెప్పు. లారా దగ్గర స్ప్లిట్ రాక్ కొండచరియల మీద ఇక్కడి ఆదివాసులు వేల ఏళ్ల నుంచి గీసిన బొమ్మలున్నాయి. క్విన్‌కన్ అనే ఆత్మల బొమ్మ ముందు నా కూతురు కదలకుండా నిలబడింది. ఆలస్యమవుతోందని చెయ్యి పట్టుకుని లాక్కొచ్చావు. లేక్‌ఫీల్డ్ మడుగుల దగ్గర కొంగలు దిగే వేళకే మనం టెంటు మడిచాం. మిగిలిందంతా ఎర్రదుమ్ము, రేకుల కప్పు మీద బండి నడిపినట్టుండే ఆ రోడ్డు. నా మేనల్లుడు నిన్న రెండుసార్లు వాంతి చేసుకున్నాడు. ఇంకా నాలుగు వందలు వెళ్లి, మళ్లీ అదే దారిన వెనక్కి రావాలి. ఎందుకు? ఒక బోర్డు పక్కన ఫొటో కోసం. చిల్లీ బీచ్ దారిలో ఐరన్ రేంజ్ వాన అడవి ఉంది. ఈ దేశం మొత్తంలో పామ్ కాకటూ ఉండేది ఈ ద్వీపకల్పంలోనే. ఆ నల్లచిలుక ఎండుకొమ్మ విరిచి, కాలితో పట్టుకుని, తొర్రమాను మీద దరువు వేస్తుంది. అది వినాలంటే ఒకచోట మెదలకుండా కూర్చోవాలి. మన పిల్లలను అలా ఒక్క పూటయినా కూర్చోనిచ్చామా?

తమ్ముడు: సరే, కూర్చోబెడతావు. సముద్రం ఎదురుగా ఉంటుంది, దిగనిస్తావా? ఉప్పునీటి మొసళ్లున్న తీరం అది. మూడు రోజులు ఒడ్డున కాపలా కాయాలి. పైగా ఒకేచోట రోజూ అదే వేళకు నీళ్ల దగ్గరికి వెళ్లేవాళ్లనే మొసలి కనిపెట్టి ఉంటుంది. నువ్వు చెప్పే నిదానమే అక్కడ ప్రమాదం. ఉత్తరానికి వెళ్తే ఫ్రూట్ బ్యాట్ జలపాతంలో పిల్లలు హాయిగా ఈదవచ్చు. వానలు లేని ఈ నెలలంతా చిల్లీ బీచ్‌లో ఆగ్నేయపు గాలి టెంటును నిలవనివ్వదు, ఇసుక నిండా సముద్రం తెచ్చిపోసిన ప్లాస్టిక్.

అక్క: ఈత సంగతిలో నీ మాటే నిజం, ఆ జలపాతం పిల్లలకు దక్కదు. గుడారం నీటికి యాభై మీటర్ల ఇవతలే వేద్దాం. ప్లాస్టిక్ ఏరుదాం, పిల్లలకు అదీ తెలియాలి.

తమ్ముడు: డిసెంబరులో వానలు మొదలైతే ఏప్రిల్ దాకా ఈ దారులు తెగిపోతాయి. మళ్లీ ఇద్దరికీ ఒకేసారి సెలవు ఎప్పుడు దొరుకుతుంది? నాన్న మనల్ని హంసలదీవి తీసుకెళ్లినప్పుడు దారి బాగాలేదని వెనక్కి తిప్పారా? మాఘ పౌర్ణమినాడు సంగమం దాకా వెళ్లాం, స్నానం చేశాం.

అక్క: వెళ్లలేదు.

తమ్ముడు: నా కళ్లకు కట్టినట్టుంది. కృష్ణ నీళ్లు ఒక రంగు, సముద్రం ఒక రంగు.

అక్క: అది మరుసటి ఏడు, మామయ్యతో. నాన్నతో వెళ్లిన ఏడు నీకు జ్వరం. అమ్మ ఒడిలో పడుకున్నావు. వేణుగోపాలస్వామి గుడి దగ్గరే నాన్న బండి ఆపించారు. సాయంత్రం దాకా అక్కడే కూర్చుని నీ నుదుటి మీద తడిగుడ్డ మార్చారు.

తమ్ముడు: నాకెవరూ చెప్పలేదు.

అక్క: నాన్న ఎప్పుడూ చెప్పలేదు. నేను పక్కనే ఉన్నాను.

తమ్ముడు: అయినా వీడికి జ్వరం లేదు, అక్కా. వాంతులే. బడిలో గీసిన పటం మీద వాడే పజింకా అని రాసుకున్నాడు. పొద్దున లేచి అడిగితే నేనేం చెప్పను?

అక్క: వాడినే అడుగుదాం. ఆర్చర్ నది దాటాక గానీ చిల్లీ బీచ్ మలుపు రాదు. వాడు హుషారుగా ఉండి పజింకాకే వెళ్దామంటే నేను కట్టిన డబ్బు పోనీ.

తమ్ముడు: వాడు నీళ్లయినా తాగకుండా పడుకున్నాడు.

అక్క: వెళ్లి లేపి నాలుగు గుక్కలు పట్టించు. ఉప్పు, చక్కెర కలిపిన సీసా ముందు సీటులో ఉంది.