ఎచ్చెర్ల నుంచి హాంబర్గ్‌కు ఒక సెమిస్టరు

లా చదివే పిల్లలకు విదేశీ చదువు ఎందుకని శ్రీకాకుళం, విజయనగరం జిల్లాల్లో చాలామంది తల్లిదండ్రులు అడుగుతారు. ఇంజినీరింగ్ చదివినవాడికి అమెరికాలో ఉద్యోగం దొరుకుతుంది గానీ, మన చట్టం చదివినవాడు అక్కడి కోర్టులో ఏం వాదిస్తాడన్నది వాళ్ల సందేహం. అందులో న్యాయం ఉంది. పైగా 2024 జులై 1న పాత పీనల్ కోడ్ స్థానంలో భారతీయ న్యాయ సంహిత అమల్లోకి వచ్చాక ఇక్కడి చట్టాలనే మళ్లీ మొదటి నుంచి చదువుకోవాల్సి వస్తోంది. అయినా మన లా విద్యార్థులు ఒక సెమిస్టరు బయటి దేశంలో చదివి రావాలని, ఆ అవకాశం నేషనల్ లా స్కూళ్ల దగ్గరే ఆగిపోకూడదని నేను గట్టిగా కోరుకుంటున్నాను.

కారణం మన తీరంలోనే ఉంది. 2018 చివర్లో గుజరాత్‌లోని వేరావల్ నుంచి బోట్ల మీద వేటకు వెళ్లిన మన మత్స్యకారులను పాకిస్తాన్ పట్టుకుపోయింది. శ్రీకాకుళం జిల్లా ఎచ్చెర్ల మండలం డి.మత్స్యలేశం వాళ్లు, విజయనగరం తీరం వాళ్లు అందులో ఉన్నారు. ఏడాదికి పైగా కరాచీ జైల్లో మగ్గి, 2020 జనవరిలో 20 మంది వాఘా మీదుగా తిరిగొచ్చారు. ఆ కుటుంబాల తరఫున అడగాల్సిన ప్రశ్నలు మన న్యాయ సంహితలో దొరకవు. ఐక్యరాజ్యసమితి సముద్ర చట్ట ఒప్పందం 73వ అధికరణ ప్రకారం, ఒక దేశపు ప్రత్యేక ఆర్థిక మండలంలో (తీరం నుంచి 200 నాటికల్ మైళ్ల దాకా ఉండే సముద్రంలో) చేపలు పట్టినందుకు విదేశీ జాలర్లకు జైలుశిక్ష వేయకూడదు, ఆ రెండు దేశాల మధ్య వేరే ఒప్పందం ఉంటే తప్ప. పూచీకత్తు తీసుకుని బోటునూ మనుషులనూ త్వరగా వదిలేయాలి. ఈ ఒప్పందాన్ని భారత్ 1995లో, పాకిస్తాన్ 1997లో ఆమోదించాయి. అయితే పట్టుబడినది తీరం నుంచి 12 నాటికల్ మైళ్ల లోపలైతే ఈ రక్షణ వర్తించదు. గుజరాత్‌కూ పాకిస్తాన్‌కూ మధ్య ఉన్న సర్ క్రీక్ దగ్గర అసలు సరిహద్దే తేలలేదు. మరి జాలరి ఏ నీళ్లలో ఉన్నాడని తేల్చేది ఎవరు?

దీని మీద పట్టున్న న్యాయవాది జిల్లా కేంద్రంలో ఒక్కరున్నా ఆ కుటుంబాలకు ఢిల్లీ దాకా రాయాల్సిన అర్జీ సరిగ్గా పడుతుంది. సముద్ర చట్టం మీద తీర్పులిచ్చే అంతర్జాతీయ ట్రిబ్యునల్ జర్మనీలోని హాంబర్గ్‌లో ఉంది. 1997లో అది ఇచ్చిన మొట్టమొదటి తీర్పే గినియా పట్టుకున్న ఓడనూ సిబ్బందినీ పూచీకత్తు మీద వదలమని. అదే ఊళ్లో ఒక సెమిస్టరు ఆ తీర్పులు చదివొచ్చిన విద్యార్థి మత్స్యలేశం కుటుంబాలకు ఎంత పనికొస్తాడో వేరే చెప్పనక్కర్లేదు. డాక్టర్ బి.ఆర్.అంబేద్కర్ యూనివర్సిటీ ఉన్నది కూడా ఆ ఎచ్చెర్ల మండలంలోనే.

ఇది మన ప్రాంతానికి కొత్తేమీ కాదు. బరంపురంలో పుట్టిన వి.వి.గిరి 1913లో లా చదవడానికి డబ్లిన్ వెళ్లారు. అక్కడి ఐరిష్ తిరుగుబాటుదారులతో సంబంధాలున్నాయని 1916లో బ్రిటిష్ ప్రభుత్వం పొమ్మంది. ఆ చదువుతో పాటు ఆయన వెంట తెచ్చుకున్నది కార్మికుల పట్ల నిబద్ధత. 1952లో పాతపట్నం నుంచి లోక్‌సభకు గెలిచి కేంద్ర కార్మిక మంత్రి అయ్యారు. 1957లో పార్వతీపురంలో ఓడిపోయి వేసిన కేసు సుప్రీంకోర్టు దాకా వెళ్లింది. ఒక జనరల్ సీటు, ఒక ఎస్టీ సీటు కలిసి ఉండే ద్విసభ్య స్థానంలో ఎస్టీ అభ్యర్థి జనరల్ సీటుకూ అర్హుడేనని 1959లో కోర్టు తేల్చింది. గిరి ఓడిపోయినా, మన జిల్లాల లా విద్యార్థులందరూ చదవాల్సిన తీర్పు అది.

ఇలా ఒక సెమిస్టరుకు వెళ్లిరావడాన్ని ఎక్స్ఛేంజ్ (విద్యార్థుల ఇచ్చిపుచ్చుకోలు) అంటారు. అంటే పూర్తి డిగ్రీకి పోవడం కాదు. రెండు యూనివర్సిటీలు ఒప్పందం చేసుకుంటాయి. విద్యార్థి ఫీజు ఇక్కడే కట్టి, అక్కడ ట్యూషన్ ఫీజు లేకుండా నాలుగైదు నెలలు చదివి, క్రెడిట్లతో తిరిగొస్తాడు. లక్షల అప్పు చేసి వెళ్లి, అది తీర్చడానికి అక్కడే ఉండిపోయే పరిస్థితి ఉండదు. మన జిల్లా కోర్టులకు మనిషి తిరిగొస్తాడు. నాకు ఇందులో అన్నింటికంటే నచ్చేది అదే.

కానీ బతకడానికి డబ్బు కావాలి. జర్మనీ వీసాకు 2024 సెప్టెంబరు నుంచి నెలకు 992 యూరోల చొప్పున బ్యాంకులో చూపించాలి. అంటే నెలకు లక్ష రూపాయలకు అటూఇటూ. యూరప్ వాళ్ల ఎరాస్మస్ ప్లస్ పథకంలో ఎంపికైతే దేశాన్ని బట్టి నెలకు 800 నుంచి 900 యూరోలు వాళ్లే ఇస్తారు గానీ, ముందు రెండు యూనివర్సిటీల మధ్య ఒప్పందం ఉండాలి. మన ప్రభుత్వాల విదేశీ విద్యా పథకాలు పూర్తి డిగ్రీలకే. ఒక సెమిస్టరుకు సాయం చేసే ఏర్పాటు వాటిలో లేదు. ఇది వెంటనే మారాలి. బరోడా మహారాజు ఇచ్చిన నెలకు పదకొండున్నర పౌండ్ల స్కాలర్‌షిప్‌తో 1913లో కొలంబియా వెళ్లిన అంబేద్కర్, ఆ గడువు అయిపోగానే 1917లో లండన్ చదువు మధ్యలో వదిలి రావాల్సి వచ్చింది. తిరిగి 1920లో గానీ వెళ్లలేకపోయారు. ఆయన పేరు పెట్టుకున్న యూనివర్సిటీ నుంచి ఏటా ఇద్దరు విద్యార్థులను పంపడం రాష్ట్రానికి పెద్ద భారమా?

డబ్బు దొరికినా ఇంకో అడ్డంకి ఉంది. బార్ కౌన్సిల్ 2008 నిబంధనల ప్రకారం ప్రతి సబ్జెక్టులో 70 శాతం హాజరు ఉండాలి. పరాయి దేశంలో కూర్చున్న క్లాసులను ఇక్కడి హాజరుగా లెక్కగడతామని యూనివర్సిటీ ముందే రాతపూర్వకంగా ఇవ్వకపోతే, తిరిగొచ్చిన విద్యార్థికి బ్యాక్‌లాగులే మిగులుతాయి. జర్మనీలో చలికాలపు సెమిస్టరు అక్టోబరులో మొదలవుతుంది. మన పరీక్షలు ఎప్పుడు జరుగుతాయో చివరిదాకా తెలియదు. యూరప్‌లో ఒక సెమిస్టరుకు 30 క్రెడిట్లు, ఒక్కో క్రెడిట్‌కు 25 నుంచి 30 గంటల పని. దాన్ని మన పేపర్లకు ఎలా సరిపెట్టాలో బయల్దేరే ముందే తేల్చుకోవాలి.

ఇచ్చిపుచ్చుకోవడం అన్నాక అటునుంచీ విద్యార్థి రావాలి. శ్రీకాకుళం ఎవరొస్తారని చిన్నచూపు చూసుకోవద్దు. షెడ్యూల్డ్ ప్రాంతాల భూములు గిరిజనేతరుల చేతికి పోకుండా ఆపే 1970 నాటి ఒకటో రెగ్యులేషన్, అక్కడి గనులను ప్రైవేటు కంపెనీలకు లీజుకివ్వకూడదన్న 1997 సమత తీర్పు, సీతంపేట కొండల్లో అటవీ హక్కుల అమలు, ఇవన్నీ పుస్తకంలో కాకుండా ఊళ్లో చూసి నేర్చుకునే చోటు ఇది. సోంపేట బీలలో (చిత్తడి నేలల్లో) థర్మల్ కేంద్రం వద్దన్న జనం మీద కాల్పులు జరిగింది 2010 జులై 14న. పర్యావరణ అప్పీలు అథారిటీ ఆ కేంద్రం అనుమతిని కొట్టేసిందీ అదే రోజు. పర్యావరణ చట్టం చదివే ఏ దేశపు విద్యార్థికైనా ఆ ఊళ్లో వారం రోజులు గడిపి జనంతో మాట్లాడితే చాలా తెలుస్తుంది. ఈ మూడు నాలుగు అంశాల మీద ఇంగ్లీషులో ఒక కోర్సు తయారు చేసి, దాన్ని చేతిలో పెట్టుకుని మన యూనివర్సిటీ హాంబర్గ్‌కు, డబ్లిన్‌కు ఉత్తరం రాయవచ్చు. ఆ కోర్సు రాయగల అధ్యాపకులూ, ఆ కేసులు నడిపిన న్యాయవాదులూ ఈ జిల్లాల్లోనే ఉన్నారు.