కవరు నిండా బిళ్లలు, అడిగే మనిషి ఏరీ?

గుంటూరు కొత్తపేటలో ఏ ఆస్పత్రి వరండాలో చూసినా పెద్దవాళ్ల చేతిలో ఒక ప్లాస్టిక్ కవరు ఉంటుంది. అందులో పాత చీటీలు, సగం వాడిన బిళ్లల అట్టలు. గుండె డాక్టరు రాసినవి కొన్ని, షుగర్ డాక్టరు రాసినవి కొన్ని, మోకాళ్ల నొప్పికి మందుల షాపులో అడిగి తెచ్చుకున్నవి కొన్ని. ఆ కవరంతా బల్ల మీద పరిచి, ఏది దేనికి, వేసుకుంటే ఎలా ఉంటోంది అని అడిగేవాళ్లే దొరకరు.

మా పెద్దమ్మకు బీపీకి ఆమ్లోడిపిన్ ఇచ్చారు. కొన్నాళ్లకు పాదాలు వాచాయి. ఆ మందుతో కొందరికి వాపు రావడం డాక్టర్లకు తెలిసిన సంగతే. కానీ ఆమె వాపు చూపించుకోవడానికి ఇంకో డాక్టరు దగ్గరకు వెళ్లింది. ఆయన నీరు పోయే బిళ్ల రాశారు. దాంతో రాత్రి నాలుగైదు సార్లు లేవడం, లేచినప్పుడల్లా కళ్లు తిరగడం. దానికి మరో మందు! మూడో చోట ఒక డాక్టరమ్మ 'ఏ బిళ్ల మొదలెట్టాక వాచింది?' అని అడిగి బీపీ మందు మార్చారు. మిగతా రెండూ అవసరం లేకుండా పోయాయి. ముందే ఎందుకు చెప్పలేదంటే, 'పెద్ద డాక్టరు రాసినదాన్ని మనం తప్పు పడతామా?' అంది పెద్దమ్మ.

ఈ మొహమాటం ఆమె ఒక్కదానిదే కాదు. నొప్పి బిళ్లలు, నాటు చూర్ణాలు వాడుతున్నట్టు చెబితే తిడతారని దాచేవాళ్లు ఎంతమందో. డైక్లోఫెనాక్ లాంటి నొప్పి బిళ్ల బీపీని పెంచగలదు, కిడ్నీలను దెబ్బతీయగలదు. అది చీటీలో ఉండదు, కాబట్టి డాక్టరు లెక్కలోకీ రాదు. ఇంకో భయం కూడా ఉంది. మందు తీసేస్తామంటే ఇక మన మీద ఆశ వదులుకున్నారేమో అనుకుంటారు. అలాగని తగ్గించుకోవడం ఇష్టం లేక కాదు. 2018లో వెలువడిన ఒక అమెరికా అధ్యయనంలో, 65 ఏళ్లు దాటినవాళ్లలో 92 శాతం మంది డాక్టరు సరేనంటే ఒక మందైనా మానేస్తామన్నారు. 'డాక్టరు సరేనంటే' అన్నదే అసలు మాట. సొంతంగా ఆపేయడం ప్రమాదం. కొన్ని గుండె మందులు ఒక్కసారిగా మానేస్తే ప్రాణం మీదకు వస్తుంది.

డాక్టర్లకు తీరిక లేదన్నది నిజమే. ఓపీలో క్యూ చూస్తే అర్థమవుతుంది. కానీ మన దేశంలో 2008లోనే ఫార్మ్-డి కోర్సు మొదలైంది. గుంటూరు, విజయవాడ చుట్టుపక్కల కాలేజీల్లో ఆ పిల్లలు ఆరేళ్లు చదువుతున్నారు. మందుల మంచిచెడ్డలు చూడటమే వాళ్ల చదువు. ఇంగ్లండ్‌లో 2020 నుంచి స్థానిక డాక్టర్ల బృందాల్లో ఫార్మసిస్టులు రోగులతో కూర్చుని మందులన్నీ సమీక్షిస్తున్నారు. ఇక్కడ అదే పని ఫార్మ్-డి చదివినవాళ్లకు అప్పగించడం అరుదు.

అప్పగించినా, 'ఈ అమ్మాయి ఎవరు, డాక్టరా?' అనే ప్రశ్న రోగి నుంచి వస్తుంది. అందుకే చికిత్స చేస్తున్న డాక్టరే స్వయంగా 'వీళ్లతో మాట్లాడండి, వీళ్లు చెప్పింది నేను చూస్తాను' అని పరిచయం చేయాలి. గుంటూరు ప్రభుత్వ పెద్దాసుపత్రి జీజీహెచ్‌లో వారానికి ఒక పూట, ఐదుకు మించి మందులు వాడే పెద్దవాళ్లతోనైనా మొదలుపెట్టవచ్చు. మొదటి పది నిమిషాలు చీటీ ముట్టుకోకుండా, కవరులో ఏమేం ఉన్నాయో వాళ్లనే చెప్పనివ్వాలి. నొప్పి బిళ్ల సంగతి అప్పుడే బయటికొస్తుంది.