ఇచిరో ఖాతాలో ఒకటి తేడా

ట్రెజరీలో ముప్పై మూడేళ్ళు పనిచేసి రిటైరైన మనిషి చేతికి అంకెల పట్టిక ఇవ్వకూడదు. ఇస్తే ఏమవుతుందో సియాటెల్ పక్కన బెల్‌వ్యూలో కూతురింటికి ఆరు నెలల వీసా మీద వెళ్ళిన కాకినాడ తాతగారు చూపించారు.

మనవరాలిది ఏడో క్లాసు, సాఫ్ట్‌బాల్ ఆడుతుంది. సియాటెల్ మారినర్స్ బేస్‌బాల్ జట్టు దేవుడు ఇచిరో సుజుకీ మీద బడికి పోస్టరు చెయ్యాలి. జపాన్ నుంచి వచ్చి 2001 నుంచి 2019 దాకా మేజర్ లీగ్‌లో ఆయన చేసిన బ్యాటింగ్ లెక్కలన్నీ అందులో ఉండాలి. "అంకెలేగా అమ్మడూ, అవి నేను చూసుకుంటా. నువ్వు బొమ్మ వేసుకో" అని తాతగారు కళ్ళజోడు తుడుచుకుని లాప్‌టాప్ ముందు కూర్చున్నారు. ఆయన్ని ఆపాల్సిన సమయం అదే. ఎవరూ ఆపలేదు.

మొదట 2004 వరుస తీశారు. ఆ ఏడు ఇచిరో 262 హిట్లు కొట్టాడు. హిట్టంటే బంతిని కొట్టి, అవుటవకుండా కనీసం మొదటి బేస్ (మైదానంలో నాలుగు మూలల్లో మొదటిది) చేరడం. 1920లో జార్జ్ సిస్లర్ కొట్టిన 257 అప్పటిదాకా 84 ఏళ్ళు రికార్డుగా అలాగే ఉంది. కానీ తాతగారి చూపు 262 మీద లేదు, పైనున్న పొట్టి అక్షరాల మీద ఉంది.

"పీఏ 762 ఏమిటే? కలెక్టరుగారికే ఒక్క పీఏ."

"బ్యాటు పట్టుకుని నిలబడ్డ సార్లు తాతయ్యా."

"సీఎస్ పదకొండు? రాష్ట్రానికి చీఫ్ సెక్రటరీ ఒక్కడే ఉంటాడు."

బౌలర్ లాంటి పిచర్ ఏమరుపాటుగా ఉన్నప్పుడు తరవాతి బేస్‌కి పరిగెట్టడాన్ని అక్కడ దొంగతనమనే అంటారు. ఆ ఏడు 36 సార్లు దొరక్కుండా వెళ్ళాడు, 11 సార్లు దొరికిపోయాడు. ఆ పదకొండే సీఎస్. టీబీ 320 అని చూసి తాతగారు "అయ్యో" అన్నారు. అది జబ్బు కాదు, హిట్ల మీద సంపాదించిన మొత్తం బేసులు. ఆర్‌బీఐ 60 దగ్గర మాత్రం, రిటైరైనా భక్తి పోలేదు కాబట్టి, ఒక్క క్షణం నిటారుగా కూర్చున్నారు. తన బ్యాటు దెబ్బకి ఇల్లు చేరిన పరుగులని మనవరాలు చెప్పాక మళ్ళీ వెనక్కి వాలారు.

ఇక సగటు. క్రికెట్ తెలిసినవాడు ఎవడైనా పరుగుల్ని అవుట్లతో భాగిస్తాడు. ఇచిరో 2004 పరుగులు 101. లెక్కకొచ్చిన సార్లలో హిట్ కానివి 442. భాగిస్తే 0.23. "ఇతనికా పోస్టరు? మన పదకొండో నంబరువాడు నయం కదే!"

ఇక్కడే క్రికెట్ బుర్ర బోర్లా పడుతుంది. బేస్‌బాల్‌లో పరుగంటే నాలుగు మూలలూ తిరిగి ఇంటికి రావడం. ఇచిరో కొట్టి మొదటి బేస్ మీద నిలబడితే, వెనక వచ్చేవాళ్ళు కొట్టి ఆయన్ని ఇంటికి లాక్కురావాలి. వాళ్ళు కొట్టకపోతే అక్కడే నిలబడి మట్టి దులుపుకోవాలి. 262 హిట్లలో 225 ఒక్క బేస్‌వే. ఇంకెవరి సాయమూ అక్కర్లేని హోమ్ రన్లు ఎనిమిది. అందుకే బ్యాటింగ్ సగటు పరుగులతో కాదు, హిట్లతో కట్టాలి.

సరే, హిట్లే అనుకుని తాతగారు 262ని 762తో భాగించారు. .344 వచ్చింది. పట్టికలో .372 ఉంది.

తేడా! ఆ మాట వినగానే ఆయన ముఖంలో పదేళ్ళ వయసు తగ్గింది. మార్చి నెలాఖరు వచ్చినట్టే కుర్చీ ముందుకు జరుపుకున్నారు. సగటుకి పీఏ పనికిరాదు, ఏబీ, అంటే సగటు లెక్కకొచ్చే సార్లు, కావాలని మనవరాలు చెప్పింది. ఏబీ 704. మరి మిగతా 58 ఎక్కడికి పోయాయి? సస్పెన్స్ ఖాతాలో వేశారా? కాదు. పిచర్ నాలుగు చెడ్డ బంతులు వేసి ఊరికే మొదటి బేస్‌కి పంపినవి 49. బంతి ఒంటికి తగిలి వెళ్ళినవి 4. బంతిని పైకి కొట్టి తాను అవుటై, మూడో బేస్ మీదున్నవాడిని ఇంటికి పంపిన త్యాగాలు 3. బ్యాటు అడ్డం పెట్టి బంతిని మెల్లగా దొర్లించి తోటివాణ్ణి ముందుకు జరిపిన త్యాగాలు 2. ఇవన్నీ కలిపితే 58. త్యాగం చేసినవాడి సగటు తగ్గించడం అన్యాయమని వాటిని తీసేస్తారు.

"టాలీ అయింది!" అని తాతగారు కాఫీ అడిగారు.

కాఫీ వచ్చేలోపు, ఎన్నిసార్లు బేస్ చేరాడో చెప్పే ఆన్‌బేస్ పర్సెంటేజ్ గడి తగిలింది. హిట్లు, ఊరికే ఇచ్చినవి, ఒంటికి తగిలినవి కలిపితే 315. 762తో భాగిస్తే .413. పట్టికలో .414. ఇక్కడ హారం 760. పైకి కొట్టిన త్యాగాలని లెక్కలో ఉంచి, దొర్లించినవి రెండూ మాత్రం తీసేస్తారు. "ఒక్క మనిషికి మూడు హారాలా! పెళ్ళికొడుకు మెళ్ళో కూడా రెండే ఉంటాయి" అని కాఫీ చల్లారబెట్టుకున్నారు. పర్సెంటేజ్ అని పేరు పెట్టి నూటికి కాకుండా వెయ్యికి చెప్పడం ఇంకో బాధ. .372ని అక్కడ మూడొందల డెబ్బై రెండన్నట్టే చదువుతారు. జపాన్‌లో అయితే దాన్నే మూడు వారి, ఏడు బు, రెండు రిన్ అంటారని తెలిశాక తాతగారికి ఇచిరో మీద తొలిసారి గౌరవం కలిగింది. అణా పైసల కాలం నాటి మనిషి మరి.

అసలు ప్రమాదం మొత్తాల దగ్గర జరిగింది. హిట్ల నిలువు వరుసంతా ఎంచుకుని కూడిక నొక్కారు. 3267. మందపాటి నల్ల స్కెచ్‌తో పోస్టరు మీద రాసేశారు. దాని కిందే, పంతొమ్మిది సీజన్ల సగటుల్నీ కూడి పంతొమ్మిదితో భాగించి, .284 అని.

భోజనాల దగ్గర మనవరాలు చూసి ముద్ద దించేసింది. "తాతయ్యా! 3089, .311! మా క్లాసులో అందరికీ తెలుసు!"

178 హిట్లు ఎక్కువ ఎక్కడివి? 2012 జూలైలో ఇచిరోని న్యూయార్క్ యాంకీస్ జట్టుకి ఇచ్చేశారు. అదే రోజు రాత్రి, అదే సియాటెల్ స్టేడియంలో, చొక్కా మార్చుకుని పాత జట్టు మీదే ఆడాడు. అందుకని ఆ ఏడాదికి పట్టికలో మూడు వరుసలుంటాయి: సియాటెల్ 105, న్యూయార్క్ 73, మొత్తం 178. మూడూ కూడితే ఒక ఏడాది రెండుసార్లు పడుతుంది. మధ్య మొత్తాన్ని మళ్ళీ కూడటం! ట్రెజరీలో కొత్తగా చేరిన గుమాస్తా చేస్తే ఆయన మెమో ఇచ్చే తప్పది. రెండు నిమిషాలు చారు మాత్రమే తాగారు.

సగటుల సగటు ఇంకా ఘోరం. 2019 మార్చిలో టోక్యోలో రెండే ఆటలు ఆడి, ఐదు ఏబీల్లో ఒక్క హిట్టూ లేకుండా ఇచిరో సెలవు తీసుకున్నాడు. ఆ .000కీ, 704 ఏబీల .372కీ సమానంగా ఒక్కో ఓటు ఇచ్చారు తాతగారు. మొత్తం హిట్లు 3089ని మొత్తం ఏబీలు 9934తో ఒక్కసారే భాగించాలి, అంతే.

తెల్లకాగితం ముక్కలు కత్తిరించి, జిగురు రాసి, తప్పుల మీద అంటించేసరికి పదిన్నర. నల్ల స్కెచ్ కాగితంలోంచి కాస్త కనిపిస్తూనే ఉంది. దీపం కిందకి తెస్తే 3089 వెనకాల 3267 దెయ్యంలా నిలబడుతుంది. మనవరాలు దాని మీద బంతి బొమ్మ వేసి సర్దింది.

పోస్టరు కింద చివరి వాక్యం ఒకటి మిగిలింది: 2025లో బేస్‌బాల్ మేటి ఆటగాళ్ళ హాల్ ఆఫ్ ఫేమ్‌కి ఎన్నిక. తాతగారు ఈసారి దేన్నీ కూడలేదు, భాగించలేదు, ఉన్నదున్నట్టు రాశారు. పోలైన ఓట్లు 394. ఇచిరోకి వచ్చినవి 393.

పెన్ను అక్కడే ఆగింది.

"అమ్మడూ, ఇక్కడ ఒకటి తేడా వస్తోంది."

"తేడా కాదు తాతయ్యా. ఒకరు వెయ్యలేదు."

"ఎవరు?"

"పేరు చెప్పలేదు."

మనవరాలు పడుకున్నాక పోస్టరు వెనక్కి తిప్పి, కుడివైపు మూలన, పెన్సిలుతో సన్నగా రాశారు: "తేడా 1. విచారించవలెను." కింద పొట్టి సంతకం, తేదీ.